సమస్య: పగులగొట్టినపుడె పండుగయ్యె

సంచాలకుడు:
ఈ వారం సమస్య ఇది, దీన్ని చివరి పాదంగా నిలిపి మిగతా మూడు పాదాలూ పూరించాలి: "పగులగొట్టినపుడె పండుగయ్యె."

సెలవుల కోసం చాక్లెట్ బార్క్ (కరిగించిన చాక్లెట్‌ను పలకలా పరిచి, గింజలద్ది, గట్టిపడ్డాక ముక్కలుగా విరిచే వంటకం) చేసి, గట్టిపడ్డ పలకను రెండు చేతులతో పట్టి విరిచినప్పుడు వచ్చిన టప్పుమనే చప్పుడుతోపాటే ఈ పాదం నోటికి వచ్చింది. ఏ వస్తువు పగిలినా మనం అయ్యో అంటాం. ఇది మాత్రం పగలడం కోసమే చేసుకునేది, పైగా పగిలిన తీరును బట్టే చేసినవారి పనితనం తెలిసిపోయేది. కనుక పూరణలన్నీ ఈ వంటకం చుట్టూనే తిరగాలని కోరుతున్నాను. గణాలు, యతి సరిపోతే చాలదు, వంట కూడా సరిపోవాలి. పద్యాన్ని నమ్మి చేసినవారి చాక్లెట్ పాడయితే ఆ దోషం కవిదేనని భావిస్తాను.

వెన్నెలగీతి:
సంచాలకులకు నమస్కారం. నా పూరణ.

కరగబెట్టి పోసి కాగితంబున బర్చి
గింజలద్ది యుంచి గీత లేక
గట్టిపడిన పలక కన్నుల విందౌచు
పగులగొట్టినపుడె పండుగయ్యె

పద్యంలో చెప్పడానికి చోటు చాలని సంగతి ఒకటుంది. 350 గ్రాముల చాక్లెట్‌ను సుమారు 20 సెంటీమీటర్ల వెడల్పు, 27 సెంటీమీటర్ల పొడవున పరిస్తే అది 5 మిల్లీమీటర్ల మందాన నిలుస్తుంది. అంతకంటే పలుచన చేస్తే గింజల బరువుకు నలిగినట్టు విరుగుతుంది, మరీ మందం చేస్తే పళ్లకు పని పెరుగుతుంది.

గురులఘు:
వెన్నెలగీతి గారూ, మీ పద్యానికంతటికీ ప్రాణం "గీత లేక" అన్న రెండు మాటల్లో ఉంది. అచ్చులో పోసిన చాక్లెట్‌కు ఎక్కడ విరగాలో ముందే గీతలు పడి ఉంటాయి, అది మన మాట వింటుంది. బార్క్‌కు గీతలుండవు, తన ఇష్టం వచ్చిన చోట విరుగుతుంది, ఏ రెండు ముక్కలూ ఒకేలా ఉండవు. చెట్టు బెరడు పేరు దానికి వచ్చింది కూడా ఆ మొరటు అందం వల్లనే. ఆ గుణాన్ని మీరు వర్ణనగా చెప్పకుండా లేమిగా చెప్పి, అక్కడే పాదాన్ని ముగించి, "గట్టిపడిన" అన్న మాటను కింది పాదానికి దించారు. ఈ ఒక్క విరుపును నేను నాలుగుసార్లు చదువుకున్నాను. గింజలను పలక ఆరకముందే అద్దాలన్న క్రమం కూడా పద్యంలో సరిగ్గా పడింది. ఆలస్యంగా చల్లిన బాదం, పిస్తా ముక్కలు పైన కూర్చుంటాయే తప్ప అతుక్కోవు, విరిచేటప్పుడు బల్ల మీదికి రాలిపోతాయి.

తేటనీరు:
నాది అనుభవం నుంచి వచ్చిన పూరణ.

నీటిచుక్క పడగ నేస్తమా ముద్దయ్యె
వేడి మించి మాడె వేరొకపరి
మూడవదియె నేడు ముచ్చటగా నిల్చి
పగులగొట్టినపుడె పండుగయ్యె

మొదటిసారి గరిటె తడిగా ఉంది. కరిగి నిగనిగలాడుతున్న చాక్లెట్‌లో ఆ తడి కలిసీ కలవగానే అదంతా బిరుసెక్కి, ఇసుక కలిపినట్టు ముద్దకట్టింది. రెండోసారి నీళ్ల భయంతో మైక్రోవేవ్‌లో పెట్టి ఒకేసారి మూడు నిమిషాలు వదిలేశాను, నడిమధ్య మాడిపోయింది. ఇప్పుడు 30 సెకన్లకొకసారి బయటికి తీసి, ఇంకా కొన్ని తునకలు కరగకుండా ఉన్నప్పుడే ఆపి, గిన్నెలోని వేడికే అవి కరిగేలా కలుపుతున్నాను.

పద్యపథిక:
తేటనీరు గారి పద్యంలో మూడు ప్రయత్నాలు మూడు పాదాల్లో మెట్లు దిగినట్టు వచ్చాయి, ఆ కట్టుబడి నాకు చాలా నచ్చింది. అయితే మొదటి పాదంలో "నేస్తమా" యతి కోసం వచ్చిన మాటేనన్నది దాచలేని విషయం. నేస్తం ఎవరో తరువాతి పాదాల్లో మళ్లీ కనిపించరు. ఇక నా పూరణ.

ముప్పదొకటి వద్ద మురిపెంపు నిగ్గుతో
నల్ల చాక్లెటొదిగె నాణ్యముగను
చల్లబడిన పిదప చప్పుడుతో విరిగి
పగులగొట్టినపుడె పండుగయ్యె

కోకో వెన్న ఆరు రకాల స్ఫటికాలుగా గడ్డకడుతుంది. వాటిలో అయిదవ రకం మాత్రమే మనకు కావలసిన మెరుపును, పెళుసుదనాన్ని ఇస్తుంది, దాదాపు 34 డిగ్రీల దాకా కరగకుండా నిలుస్తుంది. మూడింట రెండు వంతుల డార్క్ చాక్లెట్‌ను 45 డిగ్రీలు దాటేలా కరిగించి, మిగిలిన వంతును సన్నగా తరిగి అందులో వేసి, కలుపుతూ కలుపుతూ 31 డిగ్రీలకు దించితే, ఆ తరుగులో ముందే ఉన్న మంచి స్ఫటికాలు మిగతాదానికి దారి చూపిస్తాయి. నా మొదటి పాదానికి అర్థం అదే.

గురులఘు:
పద్యపథిక గారూ, అంకెను యతిస్థానంలో నిలబెట్టి పద్యం ఎత్తుకోవడం మీకే సాధ్యమని మనస్ఫూర్తిగా అంటున్నాను. పైగా రెండవ పాదంలో "నల్ల" అన్న మాట ఊరికే రాలేదు. 31 డిగ్రీలు డార్క్ చాక్లెట్‌కే చెల్లుతుంది. పాల చాక్లెట్ అయితే 29, 30 మధ్యన, తెల్లది అయితే 28, 29 మధ్యన ఆగాలి. ఆ ఒక్క విశేషణంతో మీరు వస్తుదోషం తప్పించుకున్నారు.

కానీ మూడవ పాదం చివర "విరిగి" దగ్గర ఒక లఘువు మిగిలిపోయింది. రెండుసార్లు లెక్కపెట్టాకే చెబుతున్నాను. "విర్గి" అని బిగిస్తే గణం సరిపోతుంది కాని ఆ మాట నాలుకకు గుచ్చుకుంటుంది. అంతకంటే పెద్ద చిక్కు అర్థంలో ఉంది. మూడవ పాదంలోనే పలక విరిగిపోతే నాలుగవ పాదంలో పగులగొట్టడానికి ఏం మిగిలింది? నా సవరణ ఇది.

చల్లబడిన పలక చప్పుడు దాచుక
పగులగొట్టినపుడె పండుగయ్యె

టెంపరింగ్, అంటే మంచి స్ఫటికాలు పడేలా పద్ధతిగా చల్లార్చడం, కుదిరిన పలకకు నిజంగానే ఒక చప్పుడు లోపల దాగి ఉంటుంది. విరిచేదాకా అది ఉందో లేదో తెలియదు.

పద్యపథిక:
లఘువు ఎక్కువైన మాట నిజం, ఒప్పుకుంటున్నాను. మీ సవరణ నా పాదం కంటే బాగుందని కూడా ఒప్పుకుంటున్నాను. "చప్పుడు దాచుక" అన్న భావం నాకు తట్టనందుకు బాధగా ఉంది. అయితే వస్తుదోషం మాట మీరే ఎత్తారు కాబట్టి, ఇంతకుముందు "నీరు పడిన ద్రవము నిలిచి పోయె" అన్న సమస్యకు మీరు పంపిన పూరణలోని పాదాన్ని ఇక్కడ గుర్తుచేయక తప్పదు.

పాలు పోసి తిరిగి పలక జేసె

ఆనాడు అందరూ యతిని మెచ్చుకున్నారు. ముద్దకట్టిన చాక్లెట్‌లో పాలు పోస్తే అది తిరిగి పలక అవుతుందా అని అడిగినవాణ్ణి నేనొక్కణ్ణే. దానికి మీరు ఈనాటి వరకు జవాబు చెప్పలేదు.

గురులఘు:
జవాబు చెప్పకపోవడానికి కారణం మీ ప్రశ్న సరైనది కావడమే. ఆ పద్యం పంపిన తరువాత స్వయంగా చేసి చూశాను. ముద్దకట్టిన చాక్లెట్‌లో వేడి పాలు చెంచా తరువాత చెంచా పోస్తూ కలిపితే, మొదట మరింత బిరుసెక్కి, తరువాత హఠాత్తుగా విడివడి నున్నగా పట్టులా అయింది. కాని అది రాత్రంతా ఉంచినా పలక కాలేదు, రొట్టె మీద పూసుకునే చిక్కని సాస్‌గానే మిగిలింది. పాదం తప్పు. ఆనాడే ఆ మాట చెప్పవలసింది.

వెన్నెలగీతి:
మీ ఇద్దరి మాటల్లోనూ అసలు సంగతి దాగి ఉంది కనుక విడమరచి చెబుతాను. కరిగిన చాక్లెట్‌లో చక్కెర, కోకో పొడి రేణువులు కోకో వెన్నలో తేలుతూ ఉంటాయి. అందులో ఒకటి రెండు చుక్కల నీరు పడితే చక్కెర రేణువుల పైభాగం తడిసి జిగటగా మారి, ఒకదానినొకటి పట్టుకుంటాయి, అదే ముద్దకట్టడం. ఇంకా చాలా ద్రవం పోస్తే చక్కెర పూర్తిగా కరిగి ఆ పట్టు వదులుతుంది, అందువల్లనే గురులఘు గారికి సాస్ వచ్చింది. అంత నీరు చేరాక అది మళ్లీ పెళుసుగా గడ్డకట్టలేదు. అందుకే బార్క్ మీద తాజా పండ్ల ముక్కలు కాక ఎండు పండ్లే వేయాలి. అందుకే పుదీనా రుచి కావాలన్నా నూనెలో కలిసిన సారాన్నే వాడాలి. మరుగుతున్న నీళ్ల గిన్నె మీద కరిగించేవారికి ఆవిరి కూడా శత్రువే. పై గిన్నె అడుగు నీటిని తాకకూడదు, అంచుల నుంచి ఆవిరి పైకి రాకూడదు, గిన్నె దించగానే అడుగు తుడిచి మరీ వంచాలి.

కొత్తకలం:
పెద్దలందరికీ నమస్కారం. ఇక్కడ ఇదే నా మొదటి పూరణ, తప్పులుంటే చెప్పండి.

చేతికంటుకొనుచు జిడ్డుగా నున్నది
చలువపెట్టె వీడ జావగారె
నిన్న పలక, నేటి నిగనిగల పలక
పగులగొట్టినపుడె పండుగయ్యె

నిన్న థర్మామీటర్ లేకుండా కరిగించి, నేరుగా పోసి ఫ్రిజ్‌లో పెట్టాను. బయటికి తీసిన కాసేపటికే మెత్తబడింది, ఈ ఉదయానికి పైన బూడిదరంగు చారలు తేలాయి. ఇవాళ ఈ చర్చ చదివి, 31 డిగ్రీలు చూసుకుని చేశాను.

పద్యపథిక:
కొత్తకలం గారూ, మూడవ పాదం నడుమ ఆగి ఊపిరి పీల్చుకోవడం ఎక్కడ నేర్చుకున్నారు? "నిన్న పలక" దగ్గర ఒక వాక్యం ముగిసి, అదే పాదంలో "నేటి" అని మరో వాక్యం మొదలైంది. రెండు రోజులూ రెండు పలకలూ ఒకే పాదంలో పక్కపక్కన నిలిచాయి. ఈ విరుపు ముందు నా అంకె చిన్నబోయింది. "జావగారె" అన్న మాట కూడా ఎంతో సరిగ్గా పడింది, టెంపరింగ్ తప్పిన చాక్లెట్‌ను వర్ణించడానికి ఇంతకంటే మంచి మాట తెలుగులో నాకు తోచడం లేదు.

మీరు చూసిన చారలు బూజు కాదు, పైకి తేలిన కోకో వెన్న. తినడానికి ఏ హానీ లేదు. ఆ పలకను పారేయకుండా మళ్లీ కరిగించి పద్ధతిగా చల్లార్చితే తిరిగి మెరుపు వస్తుంది. ఇకపై పలక పోసే ముందు కత్తి మొనను చాక్లెట్‌లో ముంచి పక్కన పెట్టండి. అయిదారు నిమిషాల్లో అది అంటుకోకుండా, మెరుస్తూ గట్టిపడితే పోయవచ్చు. ఆలోగా గిన్నెలోది చల్లబడిపోకుండా మధ్యమధ్య కలుపుతూ ఉండాలి.

తేటనీరు:
"నేస్తమా" గురించి పద్యపథిక గారి మాటను శిరసావహిస్తున్నాను. ఒక సందేహం. నల్ల పలక మీద తెల్ల చాక్లెట్‌ను రెండో పొరగా పోస్తే, విరిచినప్పుడు రెండు పొరలూ ఎక్కడికక్కడ విడిపోయాయి. కారణమేమిటి?

వెన్నెలగీతి:
మొదటి పొర పూర్తిగా బిగిసి, చల్లబడ్డాక పోసి ఉంటారు. వేలితో తాకితే అంటుకోకుండా, కాని ఇంకా కొద్దిగా మెత్తదనం తెలుస్తూ ఉన్నప్పుడే రెండవ పొర పోయాలి. అదీ గోరువెచ్చగా ఉండాలి తప్ప కింది పొరను కరిగించేంత వేడి ఉండకూడదు.

గురులఘు:
ఇన్ని పూరణలయ్యాక నేనూ ఒకటి సమర్పిస్తున్నాను. ఇది ఎవరిని ఉద్దేశించిందో వారికి తెలుస్తుంది.

పంచి పెట్టబోవ పాత మిత్రుడు వచ్చె
పలక ముక్క నోట, పలుకు రాక
ఏళ్ళ నుండి పెరుగు నిద్దరి మౌనము
పగులగొట్టినపుడె పండుగయ్యె

సంచాలకుడు:
ఇంతవరకు అందరూ చాక్లెట్‌ను పగులగొట్టారు, గురులఘు గారు పగులగొట్టే వస్తువునే మార్చారు. పలక, పలుకు అన్న రెండు మాటలు ఒకే పాదంలో యతికి కట్టుబడి నిలవడం నన్ను కదిలించింది. చాక్లెట్ పద్యంలో ఉంటూనే పక్కకు జరిగి చోటిచ్చింది, కాబట్టి నా నియమం కూడా తప్పలేదు.

పద్యపథిక:
గురులఘు గారూ, పద్యం నన్ను ఉద్దేశించిందేనని గ్రహించాను. "మౌనము" ప్రథమలో ఉంది, "పగులగొట్టు"కు కర్మ కావాలంటే ద్వితీయ ఉండాలి కదా అని ఎవరైనా అడగవచ్చు. జడవాచకాలకు ద్వితీయార్థంలో ప్రథమ రావడం మన వ్యాకరణానికి సమ్మతమే కనుక అక్కడ దోషం లేదు, ఆ సంగతి ఇతరులకంటే ముందు నేనే చెప్పాలనుకున్నాను. "రాక" తరువాత "ఏళ్ళ" అని అచ్చుతో మొదలుపెట్టడం ఒక్కటే నాకు కొద్దిగా ఆగినట్టు అనిపించింది. "యేళ్ళ నుండి" అని రాసినా "ఇద్దరి"తో యతి చెడదు కాబట్టి ఆ మార్పును పరిశీలించండి.

మీ పద్యం వచ్చేసరికి నేను పోసిన పలక గట్టిపడుతూ ఉంది. స్ఫటికాలు సరిగ్గా కుదిరితే చాక్లెట్ కొద్దిగా ముడుచుకుంటుంది. ఇప్పుడే చూశాను, నాలుగు అంచుల దగ్గరా బటర్ పేపర్‌ను వదిలి తనంతట తానే లేచి ఉంది. ఇంకా పగులగొట్టలేదు. మీరు వస్తానంటే ఆగుతాను.