మెంటర్ (దారి చూపే సీనియర్) కావాలంటే మొదటి మెసేజ్‌ల ఏం రాయాలె? (నల్గొండ – పాలమూరు చర్చ)

పానగల్లు_చెరువు: లింక్డ్‌ఇన్‌ల కనెక్ట్ కొడితే చానామంది ఒప్పుకుంటున్నరు. "సార్, నాకు మెంటర్‌గ ఉంటరా" అని అడగంగనే చూసి ఊకుంటున్నరు. డిగ్రీ ఫైనలియర్, డేటా అనలిస్ట్ దిక్కు పోవాలె. ఎవరిని పట్టుకోవాలె, ఏమని రాయాలె?

కోయిల్‌సాగర్: తమ్మీ, ఆ మాటే అడ్డం పడుతున్నది. మెంటర్‌గ ఉండుమంటే ఎన్ని నెలలో, వారానికి ఎన్ని గంటలో అవతలాయనకు తెల్వదు. సరేనంటే మీద పడతది, కాదంటే మొఖమాటం. అందుకే చప్పుడు చెయ్యరు. రెండు నిమిషాల్ల జవాబు చెప్పే ఒక్క ప్రశ్న అడుగు. ఆయన చెప్పింది చేసి, పదిహేను రోజులకు ఏమైందో రాయి. ఇట్ల రెండుమూడు సార్లు నడిస్తే ఆయనే మెంటర్, ఇగ పేరు పెట్టి అడిగే పని ఉండదు.

డైరెక్టర్ల ఎంబడి పడకు. మూడు నుంచి ఆరేండ్ల అనుభవమున్నోళ్లు మేలు. ఫ్రెషర్ ఇంటర్వ్యూల ఏమడిగిండ్రో వాళ్లకింకా యాదుంటది.

రాచకొండ_అక్క: ఊకె సెర్చ్‌ల కొట్టుకుంట వెతకొద్దు. ఉచిత ఖాతాతో అదే పనిగా వెతికితే ఆ నెల వాడకం పరిమితి అయిపోయిందని ఆపేస్తది, మళ్లా ఒకటో తారీఖుకే తెరుచుకుంటది. మీ యూనివర్సిటీ పేజీకి పోయి పూర్వ విద్యార్థుల ట్యాబ్ తెరువుండ్రి. ఏ ఊర్ల ఉన్నరు, ఏ కంపెనీ, ఏం పని, ఏ సంవత్సరాలు అని అక్కడే వడపోయొచ్చు.

నల్గొండ పిల్లలకు ఒక సంగతి గట్టిగ చెప్పాలె. మన నల్గొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీ పేరుతోటే కేరళల కొట్టాయం దగ్గర ఇంకోటున్నది, అది మనదానికంటే పాతది, పెద్దది. ప్రొఫైల్‌ల చదువు నింపేటప్పుడు చూడకుండా దాన్ని ఎంచుకుంటే మన సీనియర్లకు మీరు కనపడరు. సీనియర్లల్ల గూడ ఈ పొరపాటు చేసినోళ్లుంటరు. అందుకే కాలేజీ పేరుతోటి వేరేగ వెతకాలె, రెండుమూడు స్పెల్లింగులు మార్చి. "నల్గొండ" అని ఊరు పెడితే గూడ ఎక్కువ మంది తేలరు, అందరూ హైదరాబాద్ అనే రాసుకుంటరు.

దేవరకొండ_కోట: ఫోన్ యాప్‌ల కనెక్ట్ నొక్కంగనే నోట్ (రిక్వెస్ట్‌తోటి పోయే చిన్న మెసేజ్) లేకుంటనే పోతది. పక్కన మూడు చుక్కలు నొక్కి, అక్కడి నుంచి నోట్ రాయాలె. ఉచిత ఖాతాకు 200 అక్షరాలే, నెలకు కొన్ని నోట్లే. తెలుగుల రాస్తే గుణింతాలు, ఒత్తులు గూడ లెక్కలకొస్తయి, చూసుకోండి. ఇది సరిపోతది (ఎస్‌క్యూఎల్, పవర్ బీఐ, పైథాన్ అంటే డేటా పనికి వాడేటివి):

"నమస్తే అన్నా, పాలమూరు యూనివర్సిటీల బీఎస్సీ మూడో సంవత్సరం. మీరు మ్యాథ్స్ నుంచి డేటా అనలిస్ట్ అయ్యారు. ఎస్‌క్యూఎల్ వచ్చు. తర్వాత పవర్ బీఐ పట్టుకోవాలా, పైథానా? ఒక్క మాట చెప్పండి."

ఎవరు, నన్నే ఎందుకు అడుగుతున్నరు, ఏం కావాలె, మూడూ వచ్చినయి. రెజ్యూమె అంటియ్యొద్దు. "హాయ్ సార్" అని రాసి జవాబు కోసం కూసోవద్దు. పంపిన రిక్వెస్ట్‌ను తొందరపడి వెనక్కి తీసుకుంటే మూడు వారాల దాకా అదే మనిషికి మళ్లా పంపనియ్యదు.

పానగల్లు_చెరువు: నెల నోట్లు అయిపోతే?

దేవరకొండ_కోట: వాళ్ల పోస్ట్ కింద కామెంట్ పెట్టు. "సూపర్ సార్" కాదు, వాళ్లు రాసినదాంట్ల ఒక వాక్యం పట్టుకుని దాని మీద అడుగు. జవాబొచ్చినంక కనెక్ట్ కొడితే నోట్ లేకున్నా గుర్తుపడతరు.

జడ్చర్ల_ఫార్మా: సాఫ్ట్‌వేర్ కానోళ్లకు: పోలేపల్లి సెజ్ (జడ్చర్ల దగ్గర మందుల కంపెనీలుండే జోన్) లాంటి చోట ప్లాంట్లల్ల చేసేటోళ్లు లింక్డ్‌ఇన్‌ల పోస్టులు రాసేది తక్కువ. "క్యూసీ" (నాణ్యత పరీక్ష), "క్యూఏ" (నాణ్యత హామీ), "హెచ్‌పీఎల్‌సీ" (మందుల్ల ఏమున్నదో పరీక్షించే పద్ధతి) అని పని పేరుతో వెతకాలె. షిఫ్టు డ్యూటీలు, వారం దాకా జవాబు రాకున్నా తిరస్కరించినట్టు కాదు. పదిరోజులకు ఒక్కసారి గుర్తుచెయ్యాలె, అంతకుమించి వద్దు. వాళ్ల బ్యాచ్ వివరాలు, ఆడిట్ సంగతులు అడగనే వద్దు, వాళ్ల నౌకరికే ముప్పు.

కోయిల్‌సాగర్: రెఫరల్ (వాళ్ల కంపెనీల నీ పేరు సిఫారసు చేసుడు) గూడ అంతే. రెండో మెసేజ్‌లనే అడిగితే సంబంధం అక్కడికే తెగుతది. కంపెనీ రికార్డుల పంపినోళ్ల పేరు ఉంటది. నీ పని చూడకుండా వాళ్లు ఆ పేరు ఎట్ల పెడతరు? చేసిన ప్రాజెక్టు లింక్ పంపు, వాళ్లు చూసి ఒక మాటన్న తర్వాత, ఖాళీ ఉన్న పోస్టు నంబరుతో సహా అడుగు.

రాచకొండ_అక్క: పైసలు అడిగే "మెంటర్ల"తో పైలం. రెండో రోజే టెలిగ్రామ్‌కు రమ్మని, "బ్యాక్‌డోర్" (దొడ్డిదారి నౌకరి) అని, రిజిస్ట్రేషన్ ఫీజని అంటే అది మోసమే. పేరు కింద "ఈ ప్రొఫైల్ గురించి" తెరిస్తే ఖాతా ఎప్పుడు మొదలైందో కనపడతది. పదేండ్ల అనుభవమని రాసి ఖాతా రెండు నెలలదైతే అనుమానించాలె. పైసలు పోతే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ కొట్టుండ్రి. ఆడపిల్లలు మొదటి రెండు మాటలు లింక్డ్‌ఇన్ ఇన్‌బాక్స్‌లనే మాట్లాడుండ్రి, ఫోన్ నంబరు ఇచ్చే అవసరమే లేదు. గూగుల్ మీట్ లింక్ చాలు.

పానగల్లు_చెరువు: డల్లాస్‌ల ఉన్న సీనియర్ ఒకాయన మాట్లాడుతనన్నడు. టైం ఎట్ల అడగాలె?

దేవరకొండ_కోట: ఆయన టైంల రాయి. అక్కడ రాత్రి 8 అంటే మార్చి నుంచి నవంబరు దాకా మనకు తెల్లారి పొద్దున ఆరున్నర, చలికాలంల ఏడున్నర. రెండు రోజులిచ్చి ఎంచుకోమను, ఇరవై నిమిషాలే అడుగు. ముందురోజు మూడు ప్రశ్నలు రాసి పంపు. పద్దెనిమిదో నిమిషంల "అన్నా, టైం అయితున్నది" అని నువ్వే అను. ఇంకా మాట్లాడాలనుంటే ఆయనే కొనసాగిస్తడు.