నాన్నగారి పాత కారు సెట్‌కి ఫోన్ కలపాలి, సీడీ మాత్రం పోకూడదు

పాతబండి:

అందరికీ నమస్కారం. మా నాన్నగారి కారు 2004 మోడల్. కొన్నప్పుడు కంపెనీ బిగించి ఇచ్చిన సెట్టే ఇప్పటికీ ఉంది. ఎఫ్ఎం, సీడీ, అంతే. ఆక్స్ (ఫోన్ వైరు గుచ్చే రంధ్రం) లేదు, యూఎస్‌బీ లేదు, బ్లూటూత్ ఊసే లేదు. అయినా పాట శుభ్రంగా వస్తుంది, స్పీకర్లు కూడా బాగున్నాయి.

నాన్నగారికి 72 ఏళ్లు. బండి ఆయనే నడుపుతారు. ఫోన్ మోగిందంటే ఒక చెయ్యి స్టీరింగ్ మీద, రెండో చెయ్యి చొక్కా జేబులో. పక్కన కూర్చున్నప్పుడల్లా నాకు ప్రాణం పోయినంత పనవుతుంది. ఎన్నిసార్లు చెప్పినా "అర్జెంటేమోరా" అంటారు. అందుకే నాకు పాటల కంటే కాల్ ముఖ్యం. ఒక్క బటన్ నొక్కి మాట్లాడగలిగితే చాలు.

సెట్ పీకేసి టచ్‌స్క్రీన్ పెట్టిద్దామంటే ఒప్పుకోవడం లేదు. దాన్ని మొండితనం అనలేను. అమ్మ పాడిన పాటలు 2006లో రికార్డు చేసి ఇంట్లో కంప్యూటర్ మీదే సీడీలోకి ఎక్కించాం. అమ్మ ఇప్పుడు లేదు. ఆ సీడీ పెట్టుకున్నాకే ఆయన బండి కదిలిస్తారు. ఆ సెట్ బటన్లు ఆయన చూడకుండానే నొక్కుతారు.

సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ ఒకటి వాడి చూశాను. కొంత దూరం పోగానే వేరే స్టేషన్ మీద పడుతుంది, మళ్లీ ఫ్రీక్వెన్సీ మార్చాలి. ఫోన్‌ని దానికి వైరుతో కలిపి, చార్జింగ్ కూడా పెడితే సన్నగా కూత వస్తుంది. ఇలాంటిది ఆయన చేతికి ఇవ్వలేను.

సెట్ ఉన్న చోటు కొలిచాను: వెడల్పు 18 సెంటీమీటర్లు, ఎత్తు 5. దాని కింద అదే కొలతలో ఖాళీ అర ఉంది. ఉన్న సెట్‌కే ఫోన్ కలిపే దారి ఉందా? సోల్డరింగ్ కొంచెం తెలుసు, మల్టీమీటర్ ఉంది.

తీగలపెట్టె:

ఉంది. మీరు కొలిచింది సింగిల్ డిన్ సైజు, 180 బై 50 మిల్లీమీటర్లు. కింద అర కూడా కలిపితే 180 బై 100, అంటే డబుల్ డిన్ టచ్‌స్క్రీన్‌కి కూడా చోటుంది. కానీ టచ్‌స్క్రీన్లలో చాలావాటికి సీడీ ఉండదు. కాబట్టి ముందు ఉన్న సెట్ బయటికి లాగి వెనక ఏ సాకెట్లు ఉన్నాయో చూడండి.

లాగే ముందు ఒక్క మాట. ఆ కాలం సెట్లలో చాలావాటికి సెక్యూరిటీ కోడ్ ఉంటుంది. కరెంటు తీసి మళ్లీ పెట్టగానే ఆ కోడ్ అడుగుతుంది. కారు కాగితాల్లో చిన్న కార్డు మీద ఉండొచ్చు. అది దొరికేదాకా సెట్‌ని, బ్యాటరీని ముట్టుకోవద్దు.

వెనక సీడీ ఛేంజర్ (ఒకేసారి చాలా సీడీలు పెట్టుకునే విడి పెట్టె) కోసం వదిలిన సాకెట్ ఉంటే అడాప్టర్ దొరకొచ్చు. ఛేంజర్ తగిలించారని సెట్ అనుకుంటుంది, మనం ఫోన్ పాట పంపిస్తాం. ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ కంటే ఎంతో శుభ్రంగా ఉంటుంది, ఎందుకంటే ఎఫ్ఎంలో 15 కిలోహెర్ట్జ్ పైన ఉన్న ధ్వని అసలు రాదు.

అయితే మీ నాన్నగారి విషయంలో ఇక్కడే చిక్కు. ఆ దారిలో వచ్చే ధ్వని, సెట్‌ని ఛేంజర్ మీద పెట్టినప్పుడే వినిపిస్తుంది. ఆయన అమ్మగారి సీడీ వింటుండగా కాల్ వస్తే స్పీకర్లలో ఏమీ రాదు. మళ్లీ చెయ్యి జేబులోకే పోతుంది. కాబట్టి మీరు వెతకాల్సింది వేరే: సెట్‌కి, కారు వైరింగ్‌కి మధ్యలో బిగించే హ్యాండ్స్‌ఫ్రీ కిట్. కాల్ రాగానే అది సెట్ ధ్వనిని స్పీకర్ల నుంచి తప్పించి, ముందు స్పీకర్లలో కాల్ వినిపిస్తుంది. సీడీ మీద ఉన్నా, ఎఫ్ఎం మీద ఉన్నా ఒకటే.

కొనేటప్పుడు బ్లూటూత్ అని రాసుంటే సరిపోదు. పాటలకు ఏ2డీపీ, కాల్స్‌కి హెచ్ఎఫ్‌పీ అని రెండు వేర్వేరు ప్రొఫైల్స్. మొదటిది మాత్రమే ఉన్నది తెస్తే పాటలే వస్తాయి. రెండూ ఉండాలి, విడిగా మైకు కూడా ఉండాలి.

రోజూప్రయాణం:

నేను పాత సెట్ తీసేసి, సీడీ, బ్లూటూత్ రెండూ ఉన్న కొత్త సింగిల్ డిన్ పెట్టుకున్నాను. అదీ మంచి దారే. కాల్ వస్తే సీడీ దానంతట అదే ఆగుతుంది. కానీ బటన్లు మారిపోతాయి, మీ నాన్నగారికి అదే ఇబ్బంది అనుకుంటా.

ఏది పెట్టినా కరెంటు వైర్ల విషయం చెప్పాలి, నేను అక్కడ దెబ్బ తిన్నాను. కొత్త సెట్ల వైరింగ్‌లో పసుపు వైరు ఎప్పుడూ 12 వోల్టులు ఉండాల్సింది, సెట్ జ్ఞాపకశక్తి అంతా దాని మీదే. ఎరుపు వైరుకి తాళం తిప్పినప్పుడే కరెంటు రావాలి. నలుపు ఎర్త్. ఐఎస్ఓ సాకెట్ (చాలా కార్ల సెట్లకి ఉండే ప్రామాణిక సాకెట్ల జత, నల్లది కరెంటుకి, గోధుమ రంగుది స్పీకర్లకి) అయితే నల్లదానిలో 4వ పిన్ను పసుపుది, 7వ పిన్ను ఎరుపుది, 8వది ఎర్త్. కొన్ని కార్లలో 4, 7 తారుమారుగా ఉంటాయి. నా కారు అలాంటిదే. తాళం తీసినప్పుడల్లా గడియారం, స్టేషన్లు అన్నీ పోయేవి. కారణం తెలియక పసుపు, ఎరుపు రెండూ కలిపి ఎప్పుడూ కరెంటు ఉండే వైరుకి చుట్టేశాను. జ్ఞాపకశక్తి నిలబడింది. వారం పాటు బండి తీయలేదు, ఎనిమిదో రోజు బ్యాటరీ చచ్చిపోయి ఉంది. సెట్ నిద్రపోవడం లేదని అప్పుడు అర్థమైంది. మీ దగ్గర మల్టీమీటర్ ఉంది కదా, తాళం తీసేసి ఒకసారి, తిప్పి ఒకసారి రెండు పిన్నుల్లోనూ వోల్టేజీ చూడండి. రెండు నిమిషాల పని.

మైకు నేను మొదట స్టీరింగ్ కింద పెట్టాను. అవతలివాళ్లకి నా గొంతు కంటే ఏసీ గాలే ఎక్కువ వినిపించేది. ముందు అద్దం పైన, సన్ వైజర్ దగ్గరికి మార్చాక బాగుంది. అయితే అద్దం పక్క పిల్లర్‌లో ఎయిర్‌బ్యాగ్ గుర్తు ఉంటే ఆ కవర్ వెనక నుంచి వైరు తీయొద్దు. చుట్టూ తిప్పి తీసుకోండి.

ఆ కూత సంగతి: ఇంజిన్ వేగం పెంచితే కూత కూడా సన్నబడుతూ పైకి పోతుంటే అది ఎర్త్ లూప్. పాట, చార్జింగ్ రెండూ వైర్ల మీద ఒకే బండి నుంచి తీసుకోవడం వల్ల వస్తుంది. చార్జర్ పీకి చూడండి, ఆగిపోతుంది. బ్లూటూత్‌కి మారితే ఫోన్‌కి, సెట్‌కి మధ్య వైరే ఉండదు కాబట్టి ఆ బాధ తగ్గుతుంది.

చెల్లి:

వైరింగ్ నాకు తెలియదు అన్నయ్యా, సీడీ గురించి రాయకుండా ఉండలేకపోయాను. ఇంట్లో కంప్యూటర్ మీద ఎక్కించిన సీడీ షాపులో కొన్న సీడీ లాంటిది కాదు. కొన్నదాంట్లో పాట గుంటలుగా అచ్చు వేసి ఉంటుంది. ఇంట్లో చేసినదాంట్లో ఒక రంగు పొర మీద లేజర్‌తో రాసి ఉంటుంది. వేడికి, ఎండకి ఆ పొర పాడవుతుంది. ఎండలో నిలబెట్టిన కారు కంటే దానికి చెడ్డ చోటు లేదు. 2006 నుంచి ఇంకా పాడుతోందంటే అదృష్టమే.

కిట్ సంగతి తర్వాత. ముందు ఆ సీడీ ఇంటికి తెచ్చి కాపీ చేయండి. ఎంపీ3గా కాదు, వేవ్ లేదా ఫ్లాక్‌గా, అప్పుడు ఒక్క అక్షరం కూడా పోదు. అది రెండు మూడు చోట్ల దాచండి. తర్వాత కొత్త సీడీ మీద ఆడియో సీడీగా ఎక్కించి దాన్నే బండిలో పెట్టండి. ఎంపీ3 సీడీగా చేస్తే పాత సెట్ చదవకపోవచ్చు. అసలుది నీడలో, చల్లని చోట ఉంచండి. మా అమ్మ గొంతు ఉన్న రికార్డు ఒకటి నేను ఇలాగే ఆలస్యం చేసి పోగొట్టుకున్నాను.

పాతబండి:

చెల్లీ, నీ మాట చదివిన రోజు రాత్రే సీడీ తెచ్చాను. పదకొండు పాటలు. పది చకచకా వచ్చాయి. చివరిది, అంచు దగ్గరున్నది, డ్రైవ్ మళ్లీ మళ్లీ చదివి దాదాపు నలభై నిమిషాలు తీసుకుంది. ఇంకో కంప్యూటర్‌లో ప్రయత్నిస్తే పూర్తిగా దిగింది. ఇప్పుడు నా దగ్గర, నా తోడబుట్టిన చెల్లెలి దగ్గర, ఒక పెన్‌డ్రైవ్‌లో ఉంది. నువ్వు చెప్పకపోతే ఆ పాట పోయేది.

కోడ్ కార్డు సర్వీస్ పుస్తకం అట్టలో దొరికింది. సెట్ లాగితే వెనక నల్ల సాకెట్, గోధుమ రంగు సాకెట్, రెండే. ఛేంజర్‌కి ఏమీ లేదు. 4, 7 పిన్నులు కొలిచాను, సరిగ్గానే ఉన్నాయి. కిట్ మధ్యలో బిగించాను, ఒక్క వైరు కూడా కోయలేదు. చిన్న బటన్ గేర్ పక్కన అంటించాను, మైకు సన్ వైజర్ దగ్గర.

నిన్న నాన్నగారు నడుపుతుండగా నేను వెనక సీట్లోంచే ఫోన్ చేశాను. అమ్మ పాట ఆగింది, రింగు వినిపించింది, ఆయన చెయ్యి అలవాటుగా జేబు దాకా వెళ్లి గేర్ దగ్గరికి వచ్చింది. బటన్ నొక్కి "చెప్పరా" అన్నారు.

ఒకటే మిగిలింది. కాల్ పెట్టేశాక పాట ఆగిన చోట కాకుండా ముందుకి వెళ్లిపోయి ఉంది. ఆ చరణం పోయిందని ఆయన బాధ.

తీగలపెట్టె:

కిట్ స్పీకర్లని మాత్రమే తప్పిస్తుంది, సీడీ లోపల తిరుగుతూనే ఉంటుంది. సీడీని ఆపమని చెప్పే వైరు మీ సెట్‌లో లేదు. కాల్ అయ్యాక ట్రాక్ వెనక్కి బటన్ ఒక్కసారి నొక్కితే పాట మొదటి నుంచి వస్తుంది. ఆ బటన్ ఎక్కడుందో ఆయనకు చూడకుండానే తెలుసు కదా.