పాత కోచ్ బస్సు కొని ఇల్లుగా మార్చుకోవాలంటే ఏ ఇంజిన్ చూసుకోవాలి?

దిల్‌సుఖ్‌నగర్ కుర్రాడు, ప్రస్తుతం డాలస్:

అందరికీ నమస్కారం. నేను డాలస్ వచ్చి ఇంకా ఏడాది కాలేదు. ఒక పాత కోచ్ బస్సు కొని, లోపల మంచాలు, వంటగది పెట్టించుకుని, సెలవుల్లో కుటుంబంతో తిరగాలని ఆశ. మూడు బండ్లు కంటపడ్డాయి. ఒకటి 1964 నాటి జీఎం (జనరల్ మోటార్స్) 4106, అందులో 8వీ71 ఇంజిన్. రెండోది ఎంసీఐ అనే బస్సుల కంపెనీ 80లలో చేసిన ఎంసీ-9, ఇంజిన్ 6వీ92. మూడోది 1998 ఎంసీఐ 102డీఎల్3, ఇంజిన్ సిరీస్ 60. మొదటి రెండూ చవక, మూడోదానికి వాటికి రెట్టింపు పైనే అడుగుతున్నారు.

మా నాన్న ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. "కంప్యూటర్ లేని ఇంజిన్ తీసుకో, ఏదొచ్చినా మనమే విప్పి బిగించుకోవచ్చు" అంటున్నారు. ఇక్కడి ఫ్రెండేమో వోల్వో ఇంజిన్ ఉన్నది వెతకమంటున్నాడు. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

ఉప్పల్ అంకుల్, హైదరాబాద్:

బాబూ, నేను అక్కడ కోచ్ గ్యారేజీల్లో చాలా ఏళ్లు పనిచేసి ఇంటికి తిరిగొచ్చినవాణ్ని. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

మీ నాన్నగారు చెప్పింది హైదరాబాద్‌లో అక్షరాలా నిజం. ఇక్కడ రాత్రిపూట ఎల్బీనగర్ దగ్గర బండి ఆగిపోతే తెల్లారేలోపు ఎవరో ఒక మేస్త్రీ దొరుకుతాడు. పార్టు ఆటోనగర్‌లోనో రాణీగంజ్‌లోనో దొరుకుతుంది, లేదంటే లేత్ మీద చేసిస్తారు. లేలాండ్, టాటా ఇంజిన్లు ఊళ్లో అందరి చేతులకూ అలవాటే. అదే న్యూమెక్సికోలో హైవే పక్కన ఆగావనుకో, ముందు అంత బరువు లాగే టో ట్రక్కు రావాలి. దాని బిల్లు చూస్తేనే కళ్లు తిరుగుతాయి. అది లాక్కెళ్లి దింపిన షాపులో నీ ఇంజిన్ తెలిసినవాడు ఉండాలి కదా! అక్కడ ఇంజిన్ ఎంచుకోవడమంటే సగం మెకానిక్‌ని ఎంచుకోవడమే.

నువ్వు చూసిన మొదటి రెండూ ఒకే వంశం. డెట్రాయిట్ డీజిల్ టూ-స్ట్రోక్. 71 సిరీస్‌ను జనరల్ మోటార్స్ 1938లో తెచ్చింది, 92 సిరీస్ 1974లో వచ్చింది. 71, 92 అనేవి ఒక్కో సిలిండర్ ఎన్ని ఘనపు అంగుళాలో చెప్పే అంకెలు, ముందున్న 8వీ, 6వీ అంటే వీ ఆకారంలో అమర్చిన ఎనిమిది, ఆరు సిలిండర్లు. మీ నాన్నగారు ఆర్టీసీలో చూసిన లేలాండ్, టాటాలన్నీ ఫోర్-స్ట్రోక్. ఇది వేరే జంతువు. ఇన్‌టేక్ వాల్వులు ఉండవు. పక్కనున్న బ్లోయర్ గాలిని నెట్టితే లైనర్‌కున్న (పిస్టన్ ఆడే గొట్టానికున్న) రంధ్రాల్లోంచి లోపలికి వెళ్తుంది. మైకో డీజిల్ పంపులాంటిది వెతికినా కనపడదు. ఒక్కో సిలిండర్‌కు ఒక్కో ఇంజెక్టర్, దాన్ని రాకర్ ఆర్మే కొడుతుంది. ఆ ఇంజెక్టర్ల ఎత్తు గేజ్ పెట్టి సరిచూడాలి, డీజిల్ ఎంత వెళ్లాలో మార్చే ర్యాకులన్నీ ఒకే తీరుగా కదిలేలా సెట్ చేయాలి. ఆ పని చేతిలో ఉన్న మెకానిక్కులు అమెరికాలో ఇప్పటికీ ఉన్నారు, కాకపోతే చాలామంది నా వయసువాళ్లు.

మీ నాన్నగారికి నచ్చే సంగతి కూడా ఒకటుంది. ఈ ఇంజిన్ పక్కన ఎయిర్‌బాక్స్ మూతలు ఉంటాయి. వాటిని విప్పి టార్చి వేస్తే లైనర్ రంధ్రాల్లోంచి పిస్టన్, రింగులు కంటికి కనిపిస్తాయి. హెడ్ దించకుండా ఇంత చూడగలిగే ఇంజిన్లు చాలా తక్కువ.

అయితే దీనికి పట్టింపులు ఎక్కువ. ఆయిల్ సింగిల్ గ్రేడ్ 40 పోయాలి, అదీ బూడిద తక్కువ మిగిల్చే రకం. ఏ ట్రక్ స్టాప్‌లోనైనా ముందు కనిపించేది 15డబ్ల్యూ-40, దాన్ని ఇందులో పోయకూడదు. అందుకని నీ ఆయిల్ నువ్వే వెంట మోసుకెళ్లాలి. కారుతుంది కూడా, ఆ విషయంలో మొహమాటపడదు. గంటల తరబడి ఐడిల్‌లో ఉంచితే డీజిల్ సరిగ్గా కాలక తడితడిగా ఎగ్జాస్ట్‌లోకి వస్తుంది, కాబట్టి పార్క్ చేసి ఇంజిన్ మీద ఏసీ నడుపుకుంటానంటే కుదరదు, జనరేటర్ పెట్టుకోవాలి. ర్యాక్ ఇరుక్కుంటే ఇంజిన్ తనంతట తానే రేసయిపోతుంది, కీ తీసినా ఆగదు. అప్పుడు గాలి మూసేసే ఎమర్జెన్సీ ఫ్లాప్ ఒకటి బ్లోయర్ దగ్గర ఉంటుంది. చాలా పాత బండ్లలో అది బిగుసుకుపోయో, కేబుల్ ఊడిపోయో ఉంటుంది. కొనేముందు పనిచేయించి చూడాల్సిందే.

ఆ రెండింట్లో ఏదంటే నా ఓటు 8వీ71కే. అందులో లైనర్లు డ్రై రకం, నీళ్లు నేరుగా తగలవు. 92లో లైనర్ పైభాగం నీళ్లలో ఉంటుంది, రబ్బరు రింగులే అడ్డు. ఒక్కసారి బాగా వేడెక్కించారంటే ఆ సీళ్లు పోయి నీళ్లూ ఆయిలూ కలిసిపోతాయి. ఎంతమంది డ్రైవర్ల చేతులు మారిందో తెలియని బండి అది. డాలస్ ఎండల్లో, ఎవరు ఎప్పుడు వేడెక్కించారో తెలియని 6వీ92 నీకెందుకు?

ఇక సిరీస్ 60. 1987లో వచ్చింది. లైనులో ఆరు సిలిండర్లు, ఫోర్-స్ట్రోక్, పుట్టుకతోనే ఎలక్ట్రానిక్. 1998 కోచ్ అంటే సాధారణంగా 12.7 లీటర్లది ఉంటుంది, ప్లేటు చూసి నిర్ధారించుకో. 90లలో అమెరికా లారీల్లో లెక్కలేనన్ని ఈ ఇంజిన్‌తోనే నడిచాయి. అందుకే ఏ ట్రక్ షాపుకెళ్లినా "ఇదేంటి?" అని అడగరు, పార్టు ఆ రోజో మర్నాడో వస్తుంది. 1200 ఆర్‌పీఎం దగ్గరే పూర్తి బలం ఇస్తుంది. టూ-స్ట్రోక్‌ను మాత్రం 2100 దాకా అరిపిస్తూ నడపాలి, లేకపోతే కొండ ఎక్కదు.

కంప్యూటర్ అంటే నాన్నగారికి భయం సహజం, కానీ పాత బండి కొనేవాడికి అదే సాక్షి. ఈసీఎంకు, అంటే ఆ ఇంజిన్ కంప్యూటర్‌కు, రీడర్ పెడితే ఎన్ని మైళ్లు తిరిగింది, ఎన్ని గంటలు నడిచింది, అందులో ఐడిల్ ఎంత, ఏ ఫాల్టులు నమోదయ్యాయి, అన్నీ బయటపడతాయి. కొన్నిసార్లు ఈసీఎం మార్చి ఉంటారు, అందుకని ఆ మైళ్లను చక్రం హబ్ మీదున్న మీటర్‌తో పోల్చు.

సంవత్సరం మాత్రం జాగ్రత్త. 2002 చివర్నుంచి ఎగ్జాస్ట్‌లో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ తగిలించారు, 2007 నుంచి పొగ వడపోసే డీపీఎఫ్, 2010 నుంచి ఎగ్జాస్ట్‌ను శుభ్రం చేసే డెఫ్ ద్రవం పోసే పద్ధతి. పర్యావరణానికి మంచిదే, కాదనను. కానీ పాతబడ్డాక ఆ కూలర్లు, సెన్సార్లు, ఫిల్టర్లు ఒక్కొక్కటే జేబు ఖాళీ చేస్తాయి. మొదటి బస్సు కొనేవాడు 2003 నుంచి 2009 మధ్యవాటి జోలికి వెళ్లకపోతే మేలని నా అభిప్రాయం.

కమ్మిన్స్ ఎం11 గానీ, దాని తర్వాతి ఐఎస్ఎం గానీ ఉన్న కోచ్ దొరికితే సిరీస్ 60తో సమానంగా చూడు. 8.3 లీటర్ల చిన్న కమ్మిన్స్‌ను 45 అడుగుల బండిలో చూస్తే దండం పెట్టి వచ్చెయ్. వోల్వో సంగతా? మన బెంగళూరు నైట్ బస్సుల్లో 2001 నుంచి నడిచిన బీ7ఆర్ అక్కడి పాత కోచ్‌ల సంతలో దొరకదు. వోల్వో ఇంజిన్ పెట్టిన ప్రెవో కంపెనీ కోచ్‌లు తర్వాతి కాలానివి, నీ బడ్జెట్ కాదు.

ఇంకో మాట, మైలేజీ చూసి ఇంజిన్ ఎంచకు. గ్యాలన్‌కు 7 మైళ్లంటే లీటరుకు సుమారు 3 కిలోమీటర్లు. కేఎంపీఎల్ కోసం డిపోలో డ్రైవర్లతో గొడవలు చూసిన నాన్నగారికి ఇది వింటే బీపీ పెరుగుతుంది. కానీ లెక్క వేసి చూడు. ఏడాదికి 4,000 మైళ్లు తిరిగితే, 6 ఇచ్చే బండికీ 8 ఇచ్చే బండికీ తేడా 170 గ్యాలన్లలోపే. ఒక్కసారి టో చేయించుకుంటే దానికి మించి పోతుంది.

తార్నాక అక్క, ఆస్టిన్:

తమ్ముడూ, అంకుల్ ఇంజిన్ చెప్పారు, నేను కాగితాలు చెబుతాను. టెక్సాస్‌లో సొంత మోటార్‌హోమ్ అయినా 26,000 పౌండ్లు దాటితే మామూలు లైసెన్స్ సరిపోదు, క్లాస్ బీ కావాలి. పెద్ద కోచ్‌లు ఆ లెక్క దాటేస్తాయి. కొనకముందే ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చెయ్, సొంతంగా మార్చుకున్న బస్సంటే చాలామంది వెనకాడతారు. మేం బస్సు కొన్నప్పుడు ఎక్కువ రోజులు పట్టింది ఆ ఫోన్లకే.

ఇంకో దారి కూడా ఉంది. 45 అడుగులు అవసరం లేదనుకుంటే, ఇంటర్నేషనల్ డీటీ466 ఇంజిన్ ఉన్న స్కూల్ బస్సు చూడు. లైనర్లు మార్చుకునే రకం, ఇంజిన్ దించకుండానే ఓవర్‌హాల్ చేయొచ్చు. సామాన్ల డిక్కీలు ఉండవు, హైవే మీద కోచ్ అంత మెత్తగా పోదు. కానీ ఖర్చు తక్కువ. మాది అదే.

దిల్‌సుఖ్‌నగర్ కుర్రాడు:

అంకుల్, అక్కా, చాలా థాంక్స్. స్కూల్ బస్సు మా ఆవిడ ఒప్పుకోదు అక్కా. నిజం చెప్పాలంటే నా మనసు 4106 మీదే ఉంది, దాని అందమే వేరు. ఓనరేమో "ఇంజిన్ ఈమధ్యే రీబిల్డ్ చేయించా" అంటున్నాడు. పోనీ ఆ పాత బండి కొని, తర్వాత అందులో సిరీస్ 60 పెట్టించుకుంటే?

ఉప్పల్ అంకుల్:

పెట్టించుకోవద్దు. వీ ఇంజిన్ కూర్చున్న చోట లైను ఇంజిన్ పట్టదు. పొడుగు, ఎత్తు రెండూ ఎక్కువ. వెనక ఫ్లోర్ కోయాలి, మౌంట్లు, గేర్‌బాక్స్, కూలింగ్, వైరింగ్ అన్నీ మార్చాలి. ఆ డబ్బుతో సిరీస్ 60 ఉన్న బస్సే వస్తుంది.

4106 అందం నాకూ తెలుసు. అది 35 అడుగులదే, తేలిక బండి, 8వీ71కు బరువనిపించదు. ఎక్కువగా వాటిలో నాలుగు గేర్ల మాన్యువల్, సింక్రో ఉండదు, డబుల్ క్లచ్ కొట్టాలి. పాత లేలాండ్ నడిపిన చేయి ఇంట్లో ఎవరికైనా ఉంటే సరే. నీకు లేదు కాబట్టి ఆలోచించు. 102డీఎల్3లో అయితే అల్లిసన్ బీ500 ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉందేమో అడుగు, ఉంటే నీకు సగం టెన్షన్ తీరినట్టే. చక్రాల బ్రేకులు తొక్కకుండా బండి వేగం తగ్గించే జేక్ బ్రేక్ గానీ రిటార్డర్ గానీ ఉందా, పనిచేస్తోందా అనేది ఏ బండికైనా అడగాలి. కొలరాడో దిగుళ్లలో బ్రేకుల్ని మాత్రమే నమ్ముకుని అంత బరువు దించలేవు.

"రీబిల్డ్ చేయించా" అన్న మాటకు విలువ లేదు, బిల్లుకు ఉంది. ఏ షాపు, ఏ తేదీ, లైనర్ కిట్లు వేశారా, ఉత్త హెడ్ గ్యాస్కెట్ మార్చి రీబిల్డ్ అంటున్నారా, చూడు. బిల్లు లేదంటే రీబిల్డ్ కాలేదనే లెక్క వేసుకుని బేరం చెయ్.

చూడ్డానికి వెళ్లేముందు ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని చెప్పు. వెళ్లగానే బ్లాక్ మీద చేయి పెట్టు. వెచ్చగా ఉంటే ముందే వేడి చేసి పెట్టాడన్నమాట, ఇంకోరోజు వస్తానని చెప్పి వచ్చెయ్. చల్లటి ఇంజిన్ లేచేటప్పుడు కాసేపు తెల్లపొగ రావడం టూ-స్ట్రోక్‌కు మామూలే. వేడెక్కాక కూడా నీలం పొగ పోకపోతే ఆయిల్ తాగుతోందని అర్థం. బాగా వేడయ్యాక ఐడిల్‌లో ఆయిల్ ప్రెషర్ ఎంతుందో రాసుకో. ఇంజిన్ లోపలి గాలి బయటికి వదిలే బ్రీదర్ గొట్టంలోంచి దమ్ము గట్టిగా కొడుతుంటే రింగులు పోయాయి. ఏదైనా ఎత్తు ఎక్కించి టెంపరేచర్ ముల్లు చూడు, పైకి పాకి దిగిరాకపోతే ఆ బండి వద్దు. దించి ఆపి, వేడిమీదే మళ్లీ స్టార్ట్ చేయించు.

ఆయిల్ శాంపిల్ తీసి ఇండియానాలోని బ్లాక్‌స్టోన్ లాంటి ల్యాబ్‌కు పంపు. అందులో సోడియం, పొటాషియం పెరిగితే కూలెంట్ కలుస్తోందని అనుమానించాలి. సీసం, రాగి ఎక్కువుంటే బేరింగులు. ఖర్చు చిన్నదే. శాంపిల్ ఇవ్వనన్న ఓనర్‌తో బేరం కూడా అక్కర్లేదు. అయితే నిన్ననే ఆయిల్ మార్చి ఉంటే ఆ రిపోర్టు ఏమీ చెప్పదు, అది అడిగి తెలుసుకో.

నా మాట 102డీఎల్3కే. కానీ దాని ఈసీఎం రిపోర్టు, ఆయిల్ రిపోర్టు వచ్చేదాకా అడ్వాన్స్ ఇవ్వకు. రెండు బండ్ల కోల్డ్ స్టార్ట్‌లూ ఎగ్జాస్ట్ వైపు నుంచి సౌండ్‌తో వీడియో తీసి పంపు. నాన్నగారి నంబర్ నాకు విడిగా మెసేజ్ చెయ్. దిల్‌సుఖ్‌నగర్ మాకు దూరం కాదు, ఆదివారం ఆయన్ని మా ఇంటికే రమ్మంటాను, ఇద్దరం కూర్చుని చూసి చెబుతాం.