మేడ్చల్ దాటాక మూతపడిన మా ఊరి రైల్వే స్టేషన్ పాత రికార్డులు ఎక్కడ దొరుకుతాయి?

నమస్కారం అండీ. నేను తార్నాకలో ఉంటాను. మా అమ్మమ్మ వాళ్ల ఊరు మేడ్చల్ దాటాక, సికింద్రాబాద్–మన్మాడ్ లైను మీద. నిజాం కాలంలో, 1900 ప్రాంతంలో హైదరాబాద్–గోదావరి వ్యాలీ రైల్వే పేరుతో వేసిన మీటర్ గేజ్ (పట్టాల మధ్య మీటరు వెడల్పుండే) లైను అది. తాతయ్య ఆ ఊరి స్టేషన్‌లోనే బండ్లకి పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. బ్రాడ్ గేజ్ (వెడల్పు పట్టాలు) వేశాక అక్కడ బండి ఆగడం మానేసింది.

మొన్న దసరాకి వెళ్లి చూశాను. కప్పు కూలింది కానీ రాతి గోడలు గట్టిగానే ఉన్నాయి. టికెట్ కిటికీ కింద గట్టు, చేతులు ఆనించీ ఆనించీ నున్నగా అరిగి మధ్యలో పల్లమైంది. అది తడిమితే గొంతు పట్టేసింది. సింగిల్ లైను కదా, టోకెన్ (ముందు లైను ఖాళీగా ఉందని ఇచ్చే గుర్తు) చేతికి అందితే తప్ప డ్రైవర్ బండి ముందుకు తీయకూడదు. ఆగని బండికి బెత్తం రింగులో టోకెన్ పెట్టి ఎత్తి పట్టుకునేవాళ్లమని తాతయ్య చెప్పేవారు.

స్టేషన్ ఎప్పుడు తెరిచారో, ఎప్పుడు మూశారో తెలుసుకోవాలి. నిజాం స్టేట్ రైల్వే 1950లో భారత రైల్వేలో కలిసింది, దక్షిణ మధ్య రైల్వే 1966లో ఏర్పడింది. మరి అంతకుముందు కాగితాలు రైల్ నిలయంలో (దక్షిణ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం) అడగాలా, తార్నాక స్టేట్ ఆర్కైవ్స్‌లోనా? ఉర్దూలో ఉంటే చదివిపెట్టేవారు ఎవరైనా ఉన్నారా? పాత టైంటేబుల్, ఫొటో, ఏదున్నా దయచేసి చెప్పండి. అమ్మమ్మకి 87 ఏళ్లు, ఆవిడకి చూపించాలని నా తాపత్రయం.