పాత ప్లగ్గు, కొత్త ల్యాప్‌టాప్: ఇంటికి ఏ రూటర్ తీసుకోవాలి? (ఆన్‌లైన్ గ్రూపులో చర్చ; ముందున్నవి సభ్యుల మారుపేర్లు)

బైరాగిపట్టెడ: మాది రెండంతస్తుల ఇల్లు, 100 ఎంబీపీఎస్ ప్లాన్. కనెక్షన్‌తో ఇచ్చిన రూటర్ కింద హాల్లో టీవీ వెనకాల ఉంది. పైగదిలో నా ఆఫీసు ల్యాప్‌టాప్ (వైఫై 6, అంటే కొత్త తరం వైఫై). కింద అమ్మానాన్నల ఫోన్లు, పాత ప్రింటర్, గేటు కెమెరా, గీజర్‌కి స్మార్ట్ ప్లగ్. కెమెరా, ప్లగ్ 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకుంటాయి. మీటింగ్‌లో మాట తెగిపోతోంది. బడ్జెట్ నాలుగు వేలు.

పాత మోడెం: ఏ రూటరైనా ముందు రెండు బ్యాండ్లకీ (2.4, 5 గిగాహెర్ట్జ్ సిగ్నళ్లకి) రెండు వైఫై పేర్లు పెట్టు. 2.4 గోడలు దాటుతుంది. 5 వేగమే గానీ శ్లాబు దాటేసరికి నీరసపడుతుంది. దేన్ని దేనికి తగిలించాలో మనం చూసుకోవాలి.

ఏడో మైలు: ఇంకా రెండు పేర్లేంది సార్? ఒకే పేరు పెడితే దగ్గరుంటే 5, దూరం పోతే 2.4, దానంతట అదే మారుతుంది. వైఫై 6 తీసుకోండి, పరికరాలు ఎక్కువున్నా తట్టుకుంటుంది.

పాత మోడెం: ఎప్పుడు మారాలో ఫోన్ ఇష్టం. రూటర్ అటు నెట్టగలదంతే. మా గీజర్ ప్లగ్ కలపడానికి ఒక ఆదివారం పోయింది. బాత్రూం ముందు స్టూలేసుకుని కూర్చున్నా, నీలం లైటు మినుకుమినుకుమంటూనే ఉంది. నా ఫోనేమో 5లో, ప్లగ్గేమో 2.4లో. 5ని మొత్తం ఆపేశాక నిమిషంలో కలిసింది.

గ్రీమ్స్‌పేట: యాంటెన్నాలు ఎక్కువున్నది తీసుకోండి. మాదానికి ఆరు.

లీలామహల్ సర్కిల్: కొమ్ములు లెక్కపెట్టకండి సామీ, వెనక వైరు గుచ్చే పోర్టులు చూడండి. నాలుగు కొమ్ములది కొని 200 ప్లాన్ పెట్టిస్తే 95 దాటలేదు. పోర్టులు 100 ఎంబీపీఎస్‌వే! సీల్ తీశాక వాపసు లేదన్నాడు షాపాయన.

గ్రీమ్స్‌పేట: మాది బాగానే ఉంది. ఆరు.

తిరుచానూరు రోడ్డు: గెస్ట్ నెట్‌వర్క్ (అదే రూటర్‌లో వేరే పేరుతో ఇచ్చే వైఫై) 2.4లో మాత్రమే పెట్టి ప్లగ్గూ కెమెరా దానికి తగిలించండి. మిగతావాటికి ఒకే పేరు. డబ్ల్యూపీఏ3 (కొత్త రకం వైఫై భద్రత) ఒక్కటే పెడితే పాత ప్రింటర్ కలవకపోవచ్చు, చూసుకోండి.

ఏడో మైలు: మోడెం గారూ, ఒక్క ప్లగ్గు కోసం ఇల్లంతా రెండు పేర్లతో బతకాలా?

పాత మోడెం: సెట్టింగులు తెలియనివాళ్లే ఒకే పేరంటారు.

ఏడో మైలు: తెలియనిది మా అమ్మకి సార్. ఆమె కొర్లగుంటలో ఒక్కతే, నేను బెంగళూరులో. మీలాగే రెండు పేర్లు పెట్టి వచ్చా. పడగ్గదిలోకి పోయినా ఫోన్ 5నే పట్టుకు వేలాడుతుంది, వీడియో కాల్‌లో బొమ్మ ఆగిపోతుంది. "ఫైవ్ అని ఉన్నది నొక్కాలా, లేనిదా?" అంటుంది. కళ్లజోడు వెతుక్కునేలోపు కాల్ కట్. మీరు ఇంట్లోనే ఉంటారు, మీకేం?

పాత మోడెం: ఇంట్లో ఉంటా కాబట్టే చెబుతున్నా. మా వీధిలో ఐదిళ్ల వైఫై నేనే చూస్తా, పైసా తీసుకోను. పిల్లలు ఎక్కడినుంచో ఖరీదైన డబ్బా పంపించి "అన్నీ అదే చూసుకుంటుంది నాన్నా" అంటారు. అది చూసుకోని రోజు కొట్టేది నా తలుపు, రాత్రి తొమ్మిదైనా సరే. ఒకే పేరుంటే ఏది ఎక్కడ తగులుకుందో ముసలాయన ఫోన్‌లో నాకు కనబడదు. రెండుంటే చూడగానే చెప్పేస్తా.

ఏడో మైలు: ఆ మాట ముందే అనుంటే ఇంత గొడవ లేదు కదా. మా అమ్మ వీధిలో మీలాంటివాళ్లు ఒకరుంటే నేనూ రెండే ఉంచేవాణ్ణి.

బైరాగిపట్టెడ: గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) పోర్టులున్న వైఫై 6ది తెచ్చా. టీవీ వెనక కాకుండా మెట్ల మలుపులో పెట్టించా. ప్లగ్గూ కెమెరా గెస్ట్‌లో ఉన్నాయి. ఈరోజు మీటింగ్ తెగలేదు. ప్రింటర్ ఇంకా మొండికేస్తోంది, వైరు పెట్టి కానిస్తున్నా.

గ్రీమ్స్‌పేట: యాంటెన్నాలు ఎన్ని?

పాత మోడెం: ఏడో మైలూ, కొర్లగుంటలో ఎక్కడ?