అప్‌లోడ్ చేసిన ఫోటోను సాఫ్ట్‌వేర్ తనంతట తానే మార్చేయొచ్చా?

పాత_సంచిక
మా సాహిత్య పత్రికను పదిహేనేళ్లుగా వెబ్‌లో నడుపుతున్నాం. పాత సంచికల్లోంచి కొన్ని కథలు ఏరి అచ్చుపుస్తకం వేద్దామని పోయిన నెల కూర్చున్నాం. కథలన్నీ భద్రంగా ఉన్నాయి. బొమ్మలన్నీ మాత్రం వెబ్‌పీ (వెబ్ కోసం సైజు తగ్గించే బొమ్మల ఫార్మాట్) ఫైళ్లుగా మారిపోయాయి, ఒక్కటీ 1200 పిక్సెళ్ల వెడల్పు దాటదు. ఎప్పుడో మేమే పెట్టుకున్న ఓ ప్లగిన్ (సైట్‌కు అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రామ్) సైజు తగ్గిస్తూ ఒరిజినల్ జేపెగ్‌లను చెరిపేసిందని ఇప్పుడు తెలిసింది. 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కలతో అచ్చు వేస్తే 1200 పిక్సెళ్లకు వచ్చేది నాలుగు అంగుళాలు. ఆ బొమ్మలు వేసినవాళ్లలో ఇద్దరు ఇప్పుడు లేరు.

అందుకే అడుగుతున్నాను. మనం ఎక్కించిన బొమ్మను అడక్కుండా వేరే ఫార్మాట్‌లోకి మార్చే పని పబ్లిషింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఎందుకు? నా మటుకు ఇది డీఫాల్ట్‌గా ఉండకూడదు.

తేలికపేజీ
చదువుతుంటేనే బాధేసిందండీ. కానీ మీకు జరిగిన నష్టం చెరిపేయడం వల్ల, మార్చడం వల్ల కాదు. ఈ రెండూ వేరు.

మార్చకపోతే ఏమవుతుందో కూడా చూడండి. ఫోన్‌లో తీసిన 12 మెగాపిక్సెళ్ల ఫోటో 4000 పిక్సెళ్ల వెడల్పు ఉంటుంది. రాసేవారు దాన్ని అలాగే ఎక్కిస్తారు. పేజీలో కనిపించేది 800 పిక్సెళ్లే, పాఠకుడు మాత్రం మొత్తం ఫైలు దించుకోవాలి. సిగ్నల్ సరిగా లేనివాళ్లు కథ రాకముందే పేజీ మూసేస్తారు. సెట్టింగుల్లోకి వెళ్లి ఫార్మాట్ ఎంచుకునే రచయితను నేనింతవరకు చూడలేదు. డీఫాల్ట్‌గా లేనిది అసలు లేనట్టే.

సరిగ్గా చేయడం కుదరని పని కూడా కాదు. సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌లో, 2019 నవంబర్‌లో వచ్చిన 5.3 నుంచి 2560 పిక్సెళ్లు దాటిన ఫోటోకు చిన్న కాపీ తయారవుతుంది, ఒరిజినల్ అలాగే ఉంటుంది. వెబ్‌పీని 2020లో ఆపిల్ బ్రౌజర్ సఫారీ కూడా అందుకుంది కాబట్టి బ్రౌజర్ల బెడద కూడా దాదాపు తీరినట్టే.

సర్వర్_గది
హోస్టింగ్ చూసుకునేవాడిగా ఓ మాట. 2022లో వర్డ్‌ప్రెస్ 6.1 కోసం ఇదే ప్రతిపాదన వచ్చింది, జేపెగ్ ఎక్కిస్తే వెబ్‌పీ కాపీలు దానంతట అవే తయారవ్వాలని. పెద్ద వాదనే జరిగింది. చివరకు విడుదలకు ముందే పక్కనపెట్టి, ఆ పని ప్లగిన్లకు వదిలేశారు. సరైన నిర్ణయమని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

పెద్ద ఫోటో ఒకటి ఎక్కిస్తే 150, 300, 768, 1024, 1536, 2048 అంటూ సైజులు తయారవుతాయి. థీమ్ (సైట్ రూపాన్ని తీర్చే డిజైన్) అడిగేవి వీటికి అదనం. ప్రతి సైజునూ రెండు ఫార్మాట్లలో ఉంచితే డిస్కులో ఫైళ్ల సంఖ్య రెట్టింపు. ఏవీఐఎఫ్ అనే ఇంకో ఫార్మాట్ ఇంకా చిన్న ఫైలు ఇస్తుంది, నిజమే, కానీ దాన్ని తయారుచేయడానికి ప్రాసెసర్ చాలా కష్టపడాలి. పదిమంది పంచుకునే చిన్న సర్వర్‌లో టైమ్ లిమిట్ దాటి అప్‌లోడ్ సగంలో ఆగిపోతుంది. రాసేవారికి అర్థంకాని ఎర్రర్ ఒకటి కనిపిస్తుంది, ఫోన్ నాకొస్తుంది.

కుంచె_రంగు
నేను బొమ్మలు వేస్తాను, అక్షరాల పోస్టర్లు కూడా. నాణ్యత కొద్దిగానే తగ్గుతుందని అనేవాళ్లు ఓసారి తెలుగు అక్షరాల పోస్టర్ ఎక్కించి చూడాలి. నష్టం ఉండే వెబ్‌పీ (ఫైలు చిన్నది చేయడానికి బొమ్మలో కొంత సమాచారం వదిలేసే రకం) రంగు సమాచారాన్ని ఎప్పుడూ సగం వెడల్పు, సగం ఎత్తులోనే దాస్తుంది. వెలుగునీడలు పూర్తిగా ఉంటాయి, రంగు మాత్రం నాలుగు పిక్సెళ్లకు ఒక్కటే. ఫోటోలో అది కంటికి ఆనదు. నీలం మీద ఎర్రగా రాసిన అక్షరాల్లో మాత్రం అంచులు మసకబారి, కింద వత్తులు ఒకదాన్నొకటి మింగేస్తాయి. 'క్ష' కింద 'మ' వత్తు ఉందో లేదో పోల్చుకోలేని పోస్టర్ నాదని చెప్పుకోవాలా?

రంగుల సంగతి ఇంకోటి. సర్వర్‌లో బొమ్మలు మార్చే జీడీ లైబ్రరీతో సైజు మారిస్తే కలర్ ప్రొఫైల్ (రంగులను ఎలా చూపాలో చెప్పే సమాచారం) ఊడిపోతుంది. అడోబీ ఆర్‌జీబీ అనే విస్తృత రంగుల పద్ధతిలో దాచిన బొమ్మ పేజీలో వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. నాకు ఈ మార్పిడి ఆపే మీట కావాలి, అదీ ఒక్కో బొమ్మకూ విడిగా.

తేలికపేజీ
అక్షరాల విషయంలో మీరన్నది ఒప్పుకుంటున్నానండీ. దానికి నష్టంలేని వెబ్‌పీ ఉంది. పీఎన్‌జీగా ఎక్కించినవాటిని నష్టంలేకుండా, జేపెగ్‌గా ఎక్కించినవాటిని మామూలుగా మార్చాలి. ఈ ఒక్క నియమం పెట్టుకున్నా మీ పోస్టర్లు నిలుస్తాయి.

కొత్త_రచయిత
మార్చకూడదనేవాళ్లను ఒకటి అడుగుతాను. నా ఐఫోన్ 2017లో వచ్చిన ఐఓఎస్ 11 తరం పద్ధతిలో ఫోటోలను హెచ్ఈఐసీ అనే ఫార్మాట్‌లో దాస్తుంది. చాలా బ్రౌజర్లు దాన్ని చూపించవు. సాఫ్ట్‌వేర్ మార్చకపోతే నేనెలా ఎక్కించాలి?

సర్వర్_గది
అక్కడ మార్చాల్సిందే, వేరే దారి లేదు. 2024 నవంబర్‌లో వచ్చిన వర్డ్‌ప్రెస్ 6.7 హెచ్ఈఐసీని జేపెగ్‌గా మారుస్తుంది, సర్వర్‌లో బొమ్మలు మార్చే ఇమేజ్‌మ్యాజిక్ అనే ప్రోగ్రామ్‌కు దాన్ని చదవడం వస్తేనే. మీ హోస్టింగ్ వాళ్లను అడిగి చూడండి.

ఒరిజినల్ ఉంచాలనే అందరికీ ఇంకో హెచ్చరిక. ఫోన్ ఫోటోలో తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా ఉండొచ్చు. పైన చెప్పిన 2560 పిక్సెళ్ల కాపీ పేరు చివర 'స్కేల్డ్' అనే తోక ఉంటుంది. అడ్రస్‌లో ఆ తోక తీసేస్తే చాలా సైట్లలో ఒరిజినల్ నేరుగా తెరుచుకుంటుంది. ఇంట్లో తీసిన ఫోటో అయితే ఇంటి ఆచూకీ బయటపెట్టినట్టే.

పాత_సంచిక
ఈ సంగతి నాకు తట్టలేదు. ఇంతవరకు ఒరిజినల్ ఉందా లేదా అనే చూశాను, ఎక్కడ ఉందో చూడలేదు.

మొదట అన్న మాట కొంత మార్చుకుంటున్నాను. పాఠకుడికి వెళ్లే కాపీని సాఫ్ట్‌వేర్ ఏ ఫార్మాట్‌లోకైనా మార్చుకోనీ, డీఫాల్ట్‌గానే. ఒరిజినల్ మాత్రం బయటివాళ్లకు అందని ఫోల్డర్‌లో, ఒక్క బైటు కూడా మారకుండా ఉండాలి. దాన్ని చెరపాలంటే మనిషి ఆ ఫైలు పేరు చూసి సరేననాలి. డిస్కు నిండుతుందంటే కాపీలనే చెరపండి, వాటిని మళ్లీ తయారుచేసుకోవచ్చు.

కుంచె_రంగు
ఒరిజినల్ ఉండటం నాకు ఊరటే. కానీ పాఠకులు చూసేది కాపీనే కదండీ. నా పేరుతో వెలిసిపోయిన రంగులు కనిపిస్తున్నంతకాలం డీఫాల్ట్‌కు నేను ఒప్పుకోను.

పాత_సంచిక
కాదనలేను. మీట ఉండాల్సిందే.

పోయిన చిత్రకారుల్లో ఒకరి అమ్మాయి నిన్న సాయంత్రం కబురుపెట్టింది. నాన్నగారి పాత కంప్యూటర్‌లో మా కథలకు వేసిన 11 బొమ్మల స్కాన్లు టిఫ్ ఫైళ్లుగా దొరికాయట. ముందు రెండు డిస్కుల్లో కాపీ తీసి పెట్టమన్నాను. అప్‌లోడ్ సంగతి ఆ తర్వాత.