పెళ్లిళ్లకు పాత ఎఫ్ 2.8 లెన్సు కొనాలా, ఎఫ్ 4 చాలా?

మండపం_మూల:
పెళ్లి ఫొటోలే నా జీవనాధారం. కెమెరా బాడీ కెనాన్ ఆర్6. మధ్యలో తగిలించే అడాప్టర్ ఉంది కాబట్టి కెనాన్ పాత రకం ఈఎఫ్ లెన్సులు నడుస్తాయి. ఉన్న డబ్బుకు రెండే దారులు. ఒకటి 2010లో వచ్చిన 70-200 మి.మీ. జూమ్ లెన్సు, ఎఫ్ 2.8 రెండో వెర్షన్, బాగా తిరిగింది. రెండోది అదే జూమ్‌లో 2018 నాటి ఎఫ్ 4, పెద్దగా వాడనిది. రెండూ సెకండ్ హ్యాండే. ఎఫ్ 2.8 అమ్మే ఆయనది కాకినాడ. ఏది తీసుకోమంటారు?

అర్ధరాత్రి_ముహూర్తం:
ఆలోచించడానికి ఏముందండీ, 2.8 తీసుకోండి. మన ముహూర్తాలు తెల్లవారుజామున మూడింటికీ ఉంటాయి. ఎఫ్ అంకె పెరిగే కొద్దీ లెన్సు తెరుచుకునేది తగ్గుతుంది, ఎఫ్ 4లో వచ్చేది సగం వెలుతురు. ఐఎస్ఓ (వెలుతురు చాలనప్పుడు కెమెరాలో పెంచే అంకె, పెంచితే ఫొటోలో గరుకు పెరుగుతుంది) 3200తో అయ్యే పని 6400కు పోతుంది. స్టెబిలైజర్ ఉందిగా అంటారేమో! అది మీ చేతి వణుకును ఆపుతుంది గానీ తలంబ్రాలు పోసే పెళ్లికూతురి చేతిని ఆపదు. 2018లో వచ్చిన మూడో వెర్షన్ కోసం మాత్రం ఎగబడకండి. లోపలి గాజు రెండో వెర్షన్‌దే, దాని మీది పూతలు మారాయి, అంతే.

రెండు_ముఖాలు:
నేను ఒప్పుకోను. 200 మి.మీ. దగ్గర, ఎఫ్ 2.8లో, ఐదు మీటర్ల దూరం నుంచి తీస్తే ఫోకస్‌లో ఉండే లోతు దాదాపు పది సెంటీమీటర్లు. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు వరుడు కాస్త ముందుకు వంగాడా, వధువు ముఖం మసకే. ఆల్బమ్ తెరిచి అత్తగారు అడిగేది ఆ ముఖం గురించే గానీ ఐఎస్ఓ గురించి కాదు. పైగా ఆ లెన్సు ఒకటిన్నర కిలో, ఎఫ్ 4 అందులో సగం. రాత్రంతా నిలబడే భుజాన్ని అడగండి.

అర్ధరాత్రి_ముహూర్తం:
2.8ను అవసరమైతే 4కు తగ్గించుకోవచ్చు. 4ను ఎవరు పెంచుతారు?

రెండు_ముఖాలు:
ఎప్పుడూ 4లోనే తీసేవాడికి ఆ రెండో ముప్పావు కిలో దేనికి?

ఉప్పుగాలి:
మీ ఇద్దరి వాదన సరే, నాకు కాకినాడ అన్న మాట దగ్గరే గుండె ఝల్లుమంది. మాదీ సముద్రపు ఊరే. ఇక్కడి తేమకు లెన్సును సంచిలో పెట్టి మరిచిపోతే ఫంగస్ పడుతుంది. మూడేళ్ల కిందట ఒక టెలీ జూమ్‌ను పైన మెరుపు చూసి కొన్నాను. వీడియో లైటు ఎదురుగా పడితే చాలు, ఫొటో అంతా పాలిపోయేది. చీకటి గదిలో ఫోను టార్చి వెనకనుంచి వేసి, ముందునుంచి కాస్త ఏటవాలుగా చూస్తే అప్పుడు కనబడింది, అంచున సాలెగూడు దారాల్లా. పూతను తినేశాక తుడిపించినా మచ్చ పోదు. నాలుగు ధూళి రేణువులకు మాత్రం భయపడకండి. లెన్సును కెమెరాకు తగిలించే చోట, మౌంట్ చుట్టూ ఉన్న స్క్రూల తలలు చూడండి, అరిగి ఉంటే ఎవరో విప్పారన్నట్టే. గోడకు పేపరు అంటించి, 200 దగ్గర పూర్తిగా తెరిచి ఒకటి తీయండి. నాలుగు మూలల్లో అక్షరాలు ఒకేలా ఉండాలి.

మండపం_మూల:
నిన్న వెళ్లి వచ్చాను. టార్చి వేస్తే శుభ్రంగానే ఉంది, స్క్రూలు కదిలించినట్టు లేవు. కానీ పేపరు ఫొటోలో ఎడమవైపు అక్షరాలు మసకగా వచ్చాయి, కుడివైపు బాగున్నాయి. బేరం వదులుకోనా?

ఉప్పుగాలి:
తొందరపడకండి. కెమెరా గోడకు వంకరగా ఉన్నా అలాగే వస్తుంది. స్టాండు మీద సరిగ్గా పెట్టి ఒకటి, కెమెరాను తలకిందులు చేసి ఇంకొకటి తీయండి. పేపరు మీద మసక కుడివైపుకు మారితే తప్పు లెన్సుది, లేదా మీ అడాప్టర్‌ది. అదే అడాప్టర్‌కు ఇంకో లెన్సు తగిలించి చూస్తే తేలిపోతుంది. మసక ఎడమనే ఉండిపోతే మీరు నిలబెట్టిన తీరులోనే తేడా ఉంది.

రెండు_ముఖాలు:
ఎటూ మళ్లీ వెళుతున్నారు కదా, ఆ ఒకటిన్నర కిలోను ఓ గంట మెడలో వేసుకుని తిరిగి రండి.